బత్తాయి తోటకు ఒక నడుము కత్తి: ప్రాజెక్టు డైరీ

పొద్దున తోటలోకి పోయినప్పటి నుంచి సాయంత్రం ఇంటికి వచ్చేదాకా ఒంటి మీదే ఉండే చిన్న కత్తి ఒకటి చేసుకుంటున్నాను. మడిచే చాకు కాదు, అలుగు (కోసే భాగం), పిడి ఒకే ముక్కగా ఉండే కత్తి. మడత చాకు తోటపనికి ఆగదు. దాని సందులో మట్టి, కాయ రసం, చెట్టు గాట్లకు పూసే బోర్డో పేస్టు చేరి కొద్దిరోజుల్లోనే బిగుసుకుపోతుంది. ఒక చేత్తో డ్రిప్ పైపు పట్టుకుని ఉంటే రెండో చేత్తో దాన్ని తెరవడమూ కష్టం. కొడవలి ఉంది కానీ దాన్ని పొద్దంతా వెంట మోయలేం. ఏదో చెట్టు కింద పెడతాం, అవసరం వచ్చినప్పుడు అది ఇంకో సాలులో ఉంటుంది.

నల్లగొండ జిల్లా గుర్రంపోడు చుట్టుపక్కల బత్తాయి తోటలున్న వాళ్లకు ఈ పనులు విడమరిచి చెప్పక్కర్లేదు. ల్యాటరల్ పైపు (సాళ్ల వెంట పోయే సన్నని డ్రిప్ పైపు) కోసి జాయినర్ వేయాలి. ఎరువు బస్తా కుట్టు విప్పాలి. సుతిలి తెంపాలి. అంటు కట్టిన చోటికి కింద, వేరుమొక్కగా వాడిన రంగపూర్ నిమ్మ మొలకలు లేస్తే లేతగా ఉన్నప్పుడే తీసేయాలి. ఎండిన పుల్లలు కోసి ఆ గాటుకు మందు పూయాలి. వీటిలో ఏ ఒక్కదానికీ బలమైన కత్తి అక్కర్లేదు. పలచని కత్తి కావాలి, అది చేతికి అందేచోట ఉండాలి. మార్కెట్లో దొరికే చిన్న కత్తుల్లో చాలావరకు చూడటానికి గట్టిగా కనిపించాలని మందంగా చేస్తున్నారు. ఈ పనంతా ఆ మందాన్ని తగ్గించడం గురించే.

మృగశిర కార్తె: అట్ట మీద

ముందు ఇనుము ముట్టుకోలేదు. అట్టపెట్టె కోసి ఆకారాలు చేసి, పట్టుకుని చూసి, పారేసి మళ్లీ కోశాను. చివరికి నిలిచిన కొలతలు: అలుగు 75 మిల్లీమీటర్లు, పిడి 100, వెడల్పు 25, వీపు వైపు మందం 3. అలుగు పొడవు తగ్గించడం సులువే కానీ పిడి దగ్గర పిసినారితనం పనికిరాదు. నాలుగు వేళ్లూ పిడి మీద ఆనాలి. మూడు వేళ్లకే సరిపోయే పిడి జేబులో బాగుంటుంది కానీ తడి చేత్తో తుమ్మ పుల్ల కోసేటప్పుడు తిరిగిపోతుంది.

మొనను కిందికి దించాను. మొన పైకి లేచి ఉంటే బస్తా కోసేటప్పుడు లోపలున్నది కూడా చీలుతుంది, పైపు మీద అనుకోకుండా గుచ్చుకుంటుంది. అంచు దాదాపు తిన్నగా ఉంచాను, చదును రాయి మీద ఎవరైనా నూరుకోగలగాలి. వేలు జారి అలుగు మీదికి పోకుండా పిడి మొదట్లో చిన్న గుంత. విడిగా అడ్డుపట్టీ లాంటిదేమీ లేదు.

కత్తి వెంట ఉంచుకోవడం అనగానే చట్టం సంగతి అడుగుతారు కాబట్టి ఇక్కడే చెప్తాను. 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనల్లో 9 అంగుళాల కంటే పొడవు లేదా 2 అంగుళాల కంటే వెడల్పు అలుగున్న కత్తుల ప్రస్తావన ఉంది, ఇంటి పనికి, వ్యవసాయానికి చేసినవాటికి మినహాయింపు ఉంది. మనది మూడంగుళాలు, తోట పనిముట్టు. అయినా నల్లగొండ బస్సెక్కేటప్పుడు, కోర్టుకో ఆఫీసుకో పోయేటప్పుడు దాన్ని నడుముకు ఉంచుకోవడం పద్ధతి కాదు. ఇంట్లో మేకుకు తగిలించి పోవాలి.

ఆరుద్ర: ఉక్కు ఎక్కడిది

చాలామంది పవర్ హాక్సా బ్లేడుతో (ఇనుము కోసే యంత్రంలోని రంపపు పట్టీ) మొదలుపెడతారు. అది హైస్పీడ్ స్టీలు. దాన్ని మళ్లీ గట్టిపరచాలంటే 1200 డిగ్రీల దగ్గరికి పోవాలి, మన కొలిమిలో అయ్యే పని కాదు. అందుకే దాన్ని ఉన్నదున్నట్టుగా గ్రైండర్ మీద అరగదీసి పిడి వేస్తారు. కోత బాగుంటుంది కానీ పక్కకు వంచితే పెళుక్కున విరుగుతుంది, బెజ్జం వేయడమే పెద్ద యుద్ధం.

నేను పాత జీపు కమాన్ పట్టా (బండి బరువు మోసే స్ప్రింగు పట్టీ) తీసుకున్నాను. పాత ఇనుము కొట్టులో కిలోల లెక్కన దొరుకుతుంది. కమాన్ ఉక్కులో కర్బనం సాధారణంగా 0.5 నుంచి 0.6 శాతం ఉంటుంది, రకాన్ని బట్టి క్రోమియం, సిలికాన్, మాంగనీసు కలుస్తాయి. నూనెలో ముంచితే గట్టిపడుతుంది, దెబ్బకు పగలదు, కొలిమిలో చిన్న చిన్న తేడాలు వచ్చినా ఓర్చుకుంటుంది. గ్రైండర్ ఆనించి నిప్పురవ్వలు చూశాను. మామూలు ఇనుప చువ్వ రవ్వలు పొడుగ్గా తిన్నగా పోతాయి, ఇవి చివర్లో కొమ్మలు కొమ్మలుగా పేలాయి. కర్బనం ఉందని అర్థం.

వాడిన కమాన్‌తో అసలు భయం పగుళ్లు. ఏళ్ల తరబడి గుంతల్లో ఊగిన పట్టాలో కంటికి కనిపించని చీలికలు ఉండొచ్చు. తుప్పు రుద్ది, డీజిల్ పూసి, కాసేపు ఉంచి, పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి, పైన చాక్‌పీస్ పొడి చల్లాను. చీలిక ఉంటే అందులో దాగిన డీజిల్ పొడిలోకి ఊరి సన్నని నల్ల గీత పడుతుంది. నట్టు బెజ్జం చుట్టూ అలాంటి గీతలు కనిపించాయి. అటువైపు ముక్క మొత్తం పక్కన పడేశాను. చివరి వైపు పట్టా శుభ్రంగా ఉంది. ఈ పరీక్షకు అయ్యే ఖర్చు ఏమీ లేదు, పాత ఉక్కుతో పనిచేసే వాళ్లు దీన్ని వదలొద్దని గట్టిగా చెప్తాను.

ఒక మాట పక్కకు. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో ఒకప్పుడు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దల కోసం పర్షియా వ్యాపారులు వచ్చేవారు. డమాస్కస్ కత్తులని ప్రపంచం చెప్పుకున్నవాటికి మన వైపు నుంచి పోయిన ఉక్కు వాడేవారు. మన ఊళ్లలో కొలిమి ఆరిపోతుంటే నాకు బాధగా ఉండేది అందుకే. ఈ కత్తిని ఆన్‌లైన్‌లో కొనకుండా ఊళ్లో కొట్టించడానికి అదీ ఒక కారణం.

పునర్వసు: కొలిమి దగ్గర

మా ఊళ్లో కొలిమి ఇంకా నడుస్తోంది. తిత్తి పోయి కరెంటు బ్లోయర్ వచ్చింది, మిగతాదంతా అదే. బొగ్గు సర్కారు తుమ్మది. కమ్మరి మామ నా అట్టముక్క చూసి, కమాన్ ముక్క చూసి, ముందుగా అడిగింది మందం గురించే.

"ఎంత మందం ఉంచాలె?"

"నాలుగు మిల్లీమీటర్లకు కొట్టు మామా. పైన లేచిన పొక్కు రుద్దితే మూడు మిగలాలె."

"మంచిగ జెప్పినవ్. అందరొచ్చి దొడ్డుగ ఉంచమంటరు. గట్ల దొడ్డుగ ఉంటే కత్తి గాదు అల్లుడా, ఉలి అయితది."

పట్టా వంపు తీసి చదును చేయడంతోనే సగం పని. నారింజ రంగుకు కాగినప్పుడు కొట్టాలి, ఎరుపు మసకబారగానే మళ్లీ నిప్పులోకి. చల్లబడిన ఉక్కును బలవంతంగా కొడితే లోపల చీలుతుంది. మరీ తెల్లగా కాగి రవ్వలు చిమ్మితే కర్బనం కాలిపోతోందని అర్థం, ఆ ముక్క ఇక పనికిరాదు. మొన వైపు మామ తానే కొట్టాడు. మొన సన్నగా ఉంటుంది కాబట్టి మిగతా అలుగు కాగేలోపే అది కాలిపోతుంది, అందుకే మొనను నిప్పు దాటించి అవతలికి తోసి పెట్టాడు. ఈ కిటుకు ఏ వీడియోలోనూ ఇంత తేటగా కనిపించలేదు నాకు.

ఒకే పట్టా నుంచి రెండు అలుగులు, ఇంకో చిన్న ముక్క వచ్చాయి. ఆ చిన్న ముక్క విరగ్గొట్టి చూడటానికి. కొట్టడం అయ్యాక అన్నిటినీ ఎర్రగా కాచి ఊక బూడిదలో పూడ్చిపెట్టాం. తెల్లారేసరికి నిదానంగా చల్లారి ఆకురాయికి లొంగేంత మెత్తబడ్డాయి.

పుష్యమి: ఆకురాయి

వానలు పడ్డాయి, తోటలో పని తగ్గింది, ఈ పని సాగింది. గ్రైండర్‌తో అంచు ఆకారం తీసి, మిగతాదంతా ఆకురాయితోనే చేశాను. పిడి భాగంలో పిన్నులకు బెజ్జాలు ఇప్పుడే వేయాలి, ఉక్కు గట్టిపడ్డాక డ్రిల్ బిట్టు దిగదు. బరువు తగ్గించడానికి చెక్క కింద కప్పబడిపోయే చోట ఇంకొన్ని బెజ్జాలు వేశాను.

అంచు సరిగ్గా నడిమధ్యలో రావడానికి ఒక సులువైన మార్గం ఉంది. అంచు పొడవునా మార్కర్ పూసి, అలుగును చదునైన బండ మీద పడుకోబెట్టాలి. అలుగు మందమే ఉన్న డ్రిల్ బిట్టును పక్కన అదే బండ మీద పడుకోబెట్టి, దాని మొనతో అంచు వెంట గీయాలి. బిట్టు మొన దాని మందానికి సరిగ్గా సగం ఎత్తులో ఉంటుంది కాబట్టి గీత తనంతట తానే మధ్యలో పడుతుంది. రెండోవైపు తిప్పి ఇంకోసారి గీస్తే రెండు గీతలు కలిశాయో లేదో తెలుస్తుంది.

అలుగును వీపు నుంచి అంచు దాకా ఒకే చదును వాలుగా రుద్దాను. అంచు దగ్గర 0.7 మిల్లీమీటర్లు ఉంచి ఆపాను. ఇంతకన్నా పలచన చేస్తే నూనెలో ముంచినప్పుడు అలుగు మెలి తిరిగే ప్రమాదం ఎక్కువ, అంచులో కర్బనం కూడా కాలిపోతుంది. చివరి నునుపు కోసం తాండూరు బండ ముక్క మీద ఎమరీ పేపర్ పరిచి అలుగును దాని మీద లాగాను. ఆకురాయి గీతలు అడ్డంగా మిగిలితే పగుళ్లు అక్కడి నుంచే మొదలవుతాయి, అందుకని అవి పోయేదాకా ఓపిగ్గా రుద్దాలి.

ఆశ్లేష: పదును

పదునంటే ఇక్కడ నూరడం కాదు, ఉక్కును కాచి నూనెలో ముంచి గట్టిపరచడం. అసలు కత్తి తయారయ్యేది ఇక్కడే. ఇంతవరకు చేసింది కత్తి ఆకారంలో ఉన్న ఇనుప ముక్క మాత్రమే.

పొద్దుగూకాక మొదలుపెట్టాం. పగటి వెలుగులో కాగిన ఉక్కు రంగు కంటికి అందదు. నిప్పులో ఒక నల్ల ఇనుప గొట్టం పెట్టి, దానిలోపల అలుగు ఉంచాం, వేడి అంతటా సమంగా తగలడానికి. గొట్టం జీఐ పైపు కాకూడదు. దాని మీది జింకు కాలి వచ్చే పొగ పీలిస్తే చలి, జ్వరం పట్టుకుంటాయి. బ్లోయర్ గాలి బాగా తగ్గించాం.

ముందు మూడుసార్లు కాచి గాలిలో చల్లార్చాం, ఒక్కోసారి కొంచెం కొంచెం వేడి తగ్గిస్తూ. కొట్టేటప్పుడు ఉక్కు లోపల పెరిగిన పెద్ద రేణువులు దీంతో చిన్నవవుతాయి. తర్వాత ఆ చిన్న ముక్కను కాచి, నూనెలో ముంచి, వైస్‌లో బిగించి సుత్తెతో కొట్టాం. ఠక్కున విరిగింది. విరిగిన చోట రేణువులు కంటికి కనిపించకుండా మెత్తని బూడిద రంగులో ఉంది. అదే చోట మెరిసే పలుకులు కనిపిస్తే వేడి ఎక్కువైందని. ఈ ముక్క విరగకుండా అసలు కత్తిని నూనెలో ముంచకూడదనేది నా నియమం.

వేడి ఎంతని ఎలా తెలుస్తుంది? అయస్కాంతం 770 డిగ్రీల దగ్గర ఉక్కును పట్టడం మానేస్తుంది. ఉప్పు 801 డిగ్రీలకు కరుగుతుంది. మనకు కావాల్సింది 830 దరిదాపులు. అయస్కాంతం అంటుకోవడం ఆగాక అలుగు వీపు మీద రెండు ఉప్పు రవ్వలు వేశాను, అవి కరిగి నీరయ్యాయి. ఆ తర్వాత రంగు ఇంకొంచెం తేలిందాకా ఆగి బయటికి తీశాను. మామకు ఇవేవీ అక్కర్లేదు, రంగు చూస్తేనే తెలుస్తుంది. నేను ఉప్పు వేయబోయేముందే "అయిపాయె, తియ్యి" అన్నాడు.

నూనె పల్లీనూనె. పాలమూరు వైపు పల్లీ పండించే చుట్టాల నుంచి గానుగలో ఆడించింది వస్తుంది, వంటకు వాడగా మిగిలిన పాతదాన్ని దాచిపెట్టాను. లోతైన ఇనుప డబ్బాలో పోసి, కాల్చిన చువ్వ ముంచి 50 డిగ్రీల దాకా వెచ్చబెట్టాను. నూనె వెచ్చగా ఉంటే పలచబడి అలుగు చుట్టూ చురుగ్గా తిరుగుతుంది, చల్లని నూనె కంటే బాగా చల్లారుస్తుంది. మంట లేస్తుంది కాబట్టి డబ్బాకు సరిపడే ఇనుప మూత చేతికందేలా ఉండాలి. నీళ్ల బకెట్టు దగ్గర పెట్టుకోవద్దు, మండే నూనె మీద నీళ్లు పోస్తే ఇల్లు అంటుకుంటుంది.

మొన ముందుగా, నిటారుగా ముంచి, ముందుకు వెనక్కు మాత్రమే కదిపాను. పక్కలకు ఊపితే ఒకవైపు ముందు చల్లారి అలుగు వంగుతుంది. అంత జాగ్రత్త పడినా రెండో అలుగు మొన వైపు కొంచెం వంగింది. దానికి మందు ఉంది. నూనెలోంచి తీసిన వెంటనే ఉక్కు ఇంకా పూర్తిగా గట్టిపడదు, చెయ్యి కాలేంత వేడి ఉన్నంతసేపు లొంగుతుంది. తోలు గ్లౌజులతో రెండు చెక్కల మధ్య నొక్కి పట్టుకున్నాం, తిన్నగా వచ్చింది. చల్లారాక ఆకురాయి ఆనిస్తే పట్టకుండా జారిపోయింది. ఆ జారుడు శబ్దం విన్నప్పుడు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు.

ఈ స్థితిలో అలుగు చాలా పెళుసు. కింద పడితే రెండు ముక్కలవుతుంది. అదే రాత్రి దాన్ని మళ్లీ కాచాలి. కొడవళ్లకు మామ చేసే పద్ధతి వేరు. అంచు మాత్రమే ముంచి, వీపులో మిగిలిన వేడి అంచు వైపు పాకుతుంటే రంగు చూసి సరిగ్గా ఆపుతాడు. ఇంత పలచని అలుగులో రంగులు కనురెప్పపాటులో పరిగెడతాయి, అందుకే ఇంట్లో ఉన్న కరెంటు ఓవెన్ వాడాను. ట్రేలో ఇసుక పోసి అందులో అలుగు పూడ్చి, 200 డిగ్రీల దగ్గర రెండు గంటలు, చల్లార్చి మళ్లీ రెండు గంటలు. ఇసుక ఎందుకంటే ఈ చిన్న ఓవెన్‌లలో వేడి ఎగుడుదిగుడుగా ఉంటుంది, ఇసుక దాన్ని సమం చేస్తుంది. అలుగు లేత గడ్డి రంగుకు తిరిగింది.

ఇక్కడి నుంచి గ్రైండర్ ముట్టుకోకూడదు అనుకోండి, ముట్టుకున్నా ప్రతి రుద్దుకూ నీళ్లలో ముంచాలి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే ఆ చోట పదును చచ్చినట్టే. నేను నీళ్లు పోస్తూ చేత్తోనే రుద్ది అంచును 0.3 మిల్లీమీటర్లకు దించాను. తర్వాత అంచును ఇత్తడి చువ్వ మీద నొక్కి పరీక్షించాను. అంచు కొద్దిగా వంగి, వదలగానే వెనక్కు వచ్చింది. వంగి అలాగే ఉండిపోతే మెత్తన, పెచ్చు లేస్తే పెళుసు. రెండూ కాలేదు.

మఖ: పిడి

చెక్క పాత గుంటక దిండులోది, నల్లతుమ్మ చేవ. మా నాయన కాలం నుంచి ఎండకు ఎండి వానకు నాని ఉన్నది, ఇక వంగదు, పగలదు. అడవి కలప కోసం ఎవరినీ అడగొద్దు. పాత నాగలి, కాడి, బండి చక్రం ఏది దొరికినా కొన్నవాటికన్నా మేలు.

రెండు చెక్కలు ఎనిమిదేసి మిల్లీమీటర్లు కోసి, అలుగు వైపు వచ్చే అంచును అతికించక ముందే నునుపు చేసి నూనె పట్టించాను. అతికించాక అక్కడ ఎమరీ పేపర్ ఆడదు, ఉక్కు మీద గీతలు పడతాయి. అతికించడానికి అరాల్డైట్ బంక, 4 మిల్లీమీటర్ల ఇత్తడి పిన్నులు. మరీ గట్టిగా బిగిస్తే బంక అంతా బయటికి వచ్చేస్తుంది, మెల్లగా పట్టి ఉంచితే చాలు.

పైపూతకు ఆముదం వాడమని చాలామంది చెప్పారు, మన జిల్లాల్లో ఒకప్పుడు ఆముదానికి కొదవ ఉండేది కాదు కాబట్టి. కానీ ఆముదం ఆరదు, జిడ్డుగానే ఉంటుంది. తోలుకు మంచిది, పిడికి కాదు. అవిసె నూనె గాలికి ఆరి గట్టిపడుతుంది. పలచగా పూసి తుడిచి, ఆరాక మళ్లీ. ఆ తుడిచిన గుడ్డల విషయంలో జాగ్రత్త. ముద్ద చేసి మూలన పడేస్తే లోపల వేడి పుట్టి వాటంతట అవే అంటుకోగలవు. విప్పి తీగ మీద ఆరేయాలి, లేదా నీళ్లలో వేయాలి.

పుబ్బ: ఒర

తోలు ఒర అందమైనదే, కానీ తోటలో తడుస్తుంది, తడిసిన తోలులో అలుగు తుప్పు పడుతుంది. నేను మోటారు దగ్గర మిగిలిన పీవీసీ పైపు ముక్క వాడాను. పొడవునా చీల్చి, మరిగే నీళ్లలో ఉంచితే మెత్తబడుతుంది. అట్ట చుట్టిన అలుగు మీద దాన్ని మడిచి చెక్కల మధ్య నొక్కి చల్లార్చితే అదే ఆకారంలో బిగుస్తుంది. మంట మీద కాచేవాళ్లు ఉన్నారు, మాడితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు చెడ్డది, నీళ్లే మేలు. అంచు వెంట ఇత్తడి రివెట్లు, అడుగున నీళ్లు కారడానికి బెజ్జం.

తోటలో అందరం బెల్టు పెట్టుకోం. లుంగీ మీద ఉన్నప్పుడు మొలతాడుకు తగిలేలా ఒక కొక్కెం కావాలి, ప్యాంటు మీద బెల్టుకు కూడా పట్టాలి. తాటిచెట్టు ఎక్కే గీత కార్మికులు నడుము దగ్గర కత్తులు ఎలా ఉంచుకుంటారో దగ్గరుండి చూశాను. కత్తి వెనక్కి వంగి ఉంటుంది, కూర్చున్నా ఎక్కినా పొడుచుకోదు. ఒర కొక్కేన్ని అదే వాలుకు తిప్పాను. వాళ్ల కత్తి కూడా ఎంత పలచగా ఉంటుందో చూస్తే రోజూ వాడే కత్తి ఎలా ఉండాలో అర్థమవుతుంది.

ఉత్తర: తోటలో

సీజన్ కాయ కోత నడుస్తోంది. కత్తి ఒరతో సహా నడుముకు ఉందన్న సంగతే తెలియడం లేదు, బరువు వంద గ్రాముల పైచిలుకు అంతే.

కాయ కోసి రుచి చూస్తే రసానికి అలుగు మొదటిరోజే మచ్చలుగా నల్లబడింది. ఇది తుప్పు కాదు. బత్తాయి, నిమ్మ పులుపుకు కర్బనం ఉన్న ఉక్కు మీద పట్టే నల్లపొర, ఎర్రతుప్పును కొంతవరకు ఆపుతుంది కూడా. మచ్చలు నచ్చక అలుగు మొత్తానికి నిమ్మరసం పూసి సమంగా నల్లబరిచాను. సాయంత్రం కడిగి తుడిచి చుక్క పల్లీనూనె రాస్తే సరిపోతోంది. బంక తెగులు ఉన్న చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేటప్పుడు స్పిరిట్‌తో తుడుస్తున్నాను. బ్లీచింగ్ నీళ్లు తగిలితే ఉక్కు దెబ్బతింటుంది.

ల్యాటరల్ పైపు ఒక్క ఒత్తుకు తిన్నగా తెగుతోంది, జాయినర్ కారడం లేదు. బస్తాలు కోస్తే అంచు త్వరగా మొద్దుబారుతుంది, ప్లాస్టిక్ నేతలో చిక్కుకున్న దుమ్ము, మట్టి అంచును అరగదీస్తాయి. కార్బొరండం రాయి మీద నూరుకునేటప్పుడు కోణం కోసం తంటాలు పడక్కర్లేదు. 25 మిల్లీమీటర్ల వెడల్పు అలుగుకు వీపును ఎనిమిదిన్నర మిల్లీమీటర్లు లేపితే 20 డిగ్రీలు వస్తుంది. అంత మందం ఉన్న చెక్కముక్క ఆసరాగా పెట్టి చూసుకుంటే చేతికి అలవాటైపోతుంది. వేలి మందం దాటిన ఎండుకొమ్మ దీని పని కాదు, దానికి రంపం ఉంది. సుత్తెతో వీపు మీద కొట్టి చీల్చమని అడిగిన వాళ్లకు కత్తి ఇవ్వలేదు.

రెండో అలుగును కమ్మరి మామకే ఇస్తానన్నాను, వద్దన్నాడు, తన మనవడికి పిడి వేయడం నేర్పమన్నాడు. ఆ పిల్లవాడు ఆదివారాలు వస్తున్నాడు. ఆ అలుగు వీపును రెండున్నర మిల్లీమీటర్లకు దించుతున్నాం, పిడి ఐదు మిల్లీమీటర్లు పెంచుతున్నాం, కొక్కెం తగిలే చోట పీవీసీ రెండు పొరలు వేస్తున్నాం. అంచు దగ్గర 0.3 కంటే ఇంకా దించవచ్చా అన్నది ఆ అలుగు మీద తేలుతుంది.